నాయనకి పద్యం వస్తోంది, మాట రావట్లేదు. కొరియా సూదుల వైద్యం చేయించొచ్చా?

పెనుకొండ_షిఫ్టు (అనంతపురం):

అందరికీ నమస్కారం. పోస్టు పొడుగవుతుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు పొద్దున మా నాయనకి పక్షవాతం వచ్చింది. వయసు 67. పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోస్తూ ఉన్నాడు, ఉన్నట్టుండి కుడి చెయ్యి వాలిపోయింది, పాలన్నీ బండల మీద పోయినాయి. అమ్మ "ఏమైందయ్యా" అంటే ఏదో అన్నాడు గానీ అది మాట కాదు. మేము మొదట గ్యాస్ అనుకున్నాం, తర్వాత దిష్టి అనుకున్నాం, ఆ తర్వాత దగ్గర్లోని ఒక ఆర్‌ఎంపీకి చూపిస్తే ఆయన గ్లూకోజ్ ఎక్కించి పడుకోబెట్టాడు. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరేసరికి ఆరు గంటలు దాటిపోయింది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలంట. ఆ మాట అక్కడ విన్నప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరింట్లోనైనా మూతి వంకరపోయి మాట తడబడితే ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి, ఇది మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టి చెప్తున్నా.

మెదడు ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గుండె లయ తప్పి కొట్టుకోవడం వల్ల అక్కడ గడ్డకట్టి పైకి పోయిందని రక్తం పల్చబడే మందు వార్ఫరిన్ రాసిచ్చారు, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయిస్తూ ఉన్నాం. కాలు బాగానే తిరిగింది, కర్ర పట్టుకుని వీధి చివర టీ అంగడి దాకా నడుస్తున్నాడు. మాటే రాలేదు. ఐదు నెలలు అయిపోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, ఎవరు వచ్చారో తెలుస్తుంది, టీవీలో వార్తలు చూసి తల ఊపుతాడు. కానీ ఏది కావాలన్నా "అది... అది..." అంటాడు. మనం ఐదారు వస్తువులు చూపించి ఏదీ కాకపోతే ఎడమ చేత్తో నుదురు కొట్టుకుంటాడు. అది చూడలేక అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. నాయన పాతికేళ్లు ఊళ్లో పౌరాణిక నాటకాలు ఆడినాడు, కృష్ణుడి వేషం కట్టేవాడు. శ్రీరామనవమికి గుడి మైకులో ఎవరో పద్యం ఎత్తుకుంటే మంచం మీద కూర్చున్న మనిషి గొంతు కలిపి నాలుగు పాదాలూ పాడేసినాడు! ఒక్క అక్షరం పోలేదు, చివర్న రాగం లాగడంతో సహా. ఇంటిల్లిపాదీ ఏడ్చేసినాం. వెంటనే నేను "నీళ్లు కావాల్నా నాయనా" అన్నా. ఆయన నోరు తెరిచినాడు, "అ... అది..." అన్నాడు, అంతే. పద్యం వచ్చిన నోటికి నీళ్లు అనే మాట ఎందుకు రాదు?

ఇక అసలు విషయం. నేను పనిచేసేది ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటుకి విడిభాగాలు ఇచ్చే ఒక కంపెనీలో. మా లైన్లో ఒక కొరియన్ సార్ ఉన్నాడు. నా ముఖం చూసి విషయం అడిగి, వాళ్లమ్మకి కూడా కొరియాలో దెగూ అనే ఊళ్లో ఇట్లాగే వస్తే అక్కడి సంప్రదాయ వైద్యం చేయించామని, గొంతు కింద, మణికట్టు దగ్గర సూదులు పెట్టి కషాయం ఇచ్చేవాళ్లని, ఆమె ఇప్పుడు ఫోన్లో మాట్లాడుతుందని చెప్పినాడు. ఆయన మంచోడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను ఇంటర్నెట్లో వెతికితే బెంగళూరులో ఒకాయన కొరియన్ వైద్యం చేస్తానని తగిలినాడు. మూడు నెలల ప్యాకేజీ 84 వేలు, సూదులు, కషాయం పొట్లాలు, నాలుక కింద సూదితో రక్తం తీయడం. వార్ఫరిన్ మాత్రం ఆపేయాలంట, దానితో సూది పనిచేయదంట. డబ్బు ఎట్లాగో సర్దుకుంటా, అమ్మ గాజులు తీసిచ్చింది. చేయించొచ్చా? మీలో ఎవరికైనా అనుభవం ఉందా?

కడప_అక్క:

తమ్ముడూ, మొదట ఒకటే మాట. వార్ఫరిన్ ఆపొద్దు. గుండె డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మా నాన్నది వేరే కథ, పార్కిన్సన్స్. మాట పోవడం కాదు, గొంతు రోజురోజుకీ లోపలికి పోయింది. గుసగుసగా మొదలుపెట్టి వాక్యం చివరికి వచ్చేసరికి గాలి మాత్రమే మిగిలేది. రిటైర్డ్ టీచరు, వెనక బెంచీ దాకా వినపడే గొంతు అది. ఎవరో చెప్పారని మేము కూడా వేరే ఊళ్లో ఒకచోట తేనెటీగ విషం సూదులు వేయించాం, కొరియాలో పార్కిన్సన్స్‌కి ఇదే వాడతారని చెప్పారు. రెండోసారికి మెడంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు, ఆటోలో ఆసుపత్రికి ఉరికినాం. ఆ రాత్రి నేను మర్చిపోలేను.

ఆ తర్వాత బెంగళూరులో మెదడు, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో స్పీచ్ విభాగానికి పంపించారు. అక్కడ నేర్పింది ఒకటే, గట్టిగా మాట్లాడటం. "ఆ..." అని ఎంతసేపు, ఎంత గట్టిగా అనగలిగితే అంత, తర్వాత రోజూ వాడే పది వాక్యాలు అదే గొంతుతో. దీన్ని ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అంటారు, అమెరికాలో 1987లో మొదలైంది, వారానికి 4 రోజులు చొప్పున 4 వారాలు, మొత్తం 16 సిట్టింగులు, ఇంటి దగ్గర రోజూ సాధన వేరే. నాన్నకి తను అరుస్తున్నట్టు అనిపించేది, మాకు మామూలుగా వినపడేది. ఆ తేడాని ఆయన బుర్రకి ఎక్కించడమే వైద్యం అని చెప్పారు. ఇప్పుడు మిద్దె మీద నుంచి పిలిస్తే కింద నాకు వినపడుతుంది.

మీ నాయనకి ఇది సరిపోతుందని చెప్పడం లేదు, ఆయన జబ్బు వేరు. మాట పోయిందంటే అన్నీ ఒకటి కాదని చెప్పడానికే రాశాను.

ఆదోని_పిల్లోడు:

అన్నా, మా పెద్దమ్మకి చిత్తూరు వైపు ఒక ఊళ్లో పసరు తాగిస్తే మాట వచ్చింది. మూడు వారాలు పత్యం ఉండాలి. ఖర్చు కూడా ఏమంత కాదు. ఒకసారి తీసుకుపో అన్నా.

మందులషాపు_తాడిపత్రి:

ఆదోని తమ్ముడూ, నీ మనసు మంచిదే, కానీ వాళ్ల నాయన వార్ఫరిన్ మీద ఉన్నాడు. నేను పద్దెనిమిదేళ్లుగా కౌంటర్ దగ్గర నిలబడి చూస్తున్నా, ఈ మందు చాలా సున్నితం. ఆకుకూర తినే అలవాటు ఒక్కసారిగా మారినా ఐఎన్‌ఆర్ కదులుతుంది. ఏ ఆకో తెలియని పసరు ఎట్లా పోయిస్తాం?

కొరియా కషాయానికీ ఇదే మాట. వాళ్లు, చైనావాళ్లు పక్షవాతం కషాయాల్లో వాడే దాంగ్వి, దాన్‌సమ్ అనే వేళ్లు వార్ఫరిన్ పనిని పెంచుతాయి, అంటే లోపల రక్తస్రావం కావచ్చు. జిన్సెంగ్ దాన్ని తగ్గించవచ్చు, అంటే మళ్లీ గడ్డ కట్టవచ్చు. ఇక మన అతిమధురం, వాళ్లు గమ్‌చో అంటారు, చాలా కషాయాల్లో పడుతుంది. రోజూ ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. గుండె లయ తప్పిన మనిషికి పొటాషియం పడిపోవడమంటే ఎంత ప్రమాదమో మీ డాక్టర్ని అడగండి. మూలిక కాబట్టి ఏమీ కాదు అనుకోవద్దు. పనిచేసే మూలికైతే హాని చేసే శక్తి కూడా ఉంటుంది.

పొట్లం మీద ఏముందో తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి లేకపోతే ఇంటికే తేవద్దు.

సువాన్_నుంచి_కర్నూలు:

నేను కొరియాలో నాలుగేళ్లు ఉండి వచ్చాను, సువాన్‌లో ఉద్యోగం. నడుం నొప్పికి అక్కడి సూదుల వైద్యం నేనే చేయించుకున్నాను, మేలు జరిగింది కూడా. కాబట్టి ఆ వైద్యం మీద నాకు గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే చెప్తున్నా, బెంగళూరు ప్యాకేజీకీ మీ కొరియన్ సార్ వాళ్లమ్మకి జరిగిన దానికీ చాలా తేడా ఉంది.

అక్కడ ఈ వైద్యం చేసేవాళ్లు ఆరేళ్లు యూనివర్సిటీలో చదివి, జాతీయ పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్న డాక్టర్లు. మామూలు ఇంగ్లీషు డాక్టర్ల లైసెన్సు వేరు, వీళ్ల లైసెన్సు వేరు, రెండూ ప్రభుత్వానివే. సూదులు, ఒంటికి కప్పులు అంటించడం, నిప్పు కాపడం 1987 నుంచి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉన్నాయి. పక్షవాతం తర్వాత మిగిలే ఇబ్బందులకి, 65 దాటినవాళ్లకి, కషాయాన్ని కూడా 2020 నవంబరులో ప్రయోగాత్మకంగా బీమాలోకి తెచ్చారు. సియోల్‌లో క్యుంగ్ హీ యూనివర్సిటీ లాంటి చోట ఇంగ్లీషు ఆసుపత్రి, సంప్రదాయ ఆసుపత్రి ఒకే ఆవరణలో ఉంటాయి. పక్షవాతం వస్తే మొదట స్కాన్, గడ్డ కరిగించడం, రక్తం పల్చబడే మందు, ఫిజియోథెరపీ, మాటల శిక్షణ. వాటితో పాటు సూది. వాటికి బదులు కాదు. మీ సార్‌ని ఒక్కటి అడిగి చూడండి, వాళ్లమ్మకి ఆసుపత్రిలో మాటల శిక్షణ కూడా ఇచ్చారా అని. ఇచ్చే ఉంటారు.

ఆ వైద్యం వెనక ఆలోచన మనకి కొత్తేం కాదు. మనం పక్షవాతం అంటాం, అందులో వాతం అంటే గాలే కదా. వాళ్లు జుంగ్‌పుంగ్ అంటారు, పుంగ్ అంటే గాలి, గాలి దెబ్బ కొట్టడం అని అర్థం. హో జున్ అనే రాజవైద్యుడు 1610లో పూర్తి చేసి 1613లో అచ్చువేయించిన 25 సంపుటాల వైద్య గ్రంథం ఉంది, దొంగుయ్‌బొగమ్ అంటారు. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. అందులో గాలి దెబ్బకి నాలుక బిగుసుకుని మాట తడబడటం గురించి కూడా ఉంది. మీ సార్ చెప్పిన గొంతు దగ్గర సూది స్థానం యొమ్‌చొన్, గడ్డం కింద నడిమధ్య గొంతుముడికి పైన ఉంటుంది. మణికట్టు దగ్గరది, చిటికెన వేలి వైపుది, తొంగ్‌ని. నాలుక కింద రెండు రక్తనాళాల దగ్గర పొడిచి రక్తం తీసే పద్ధతి కూడా పాతదే, నిజమే. కానీ వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి నాలుక కింద రక్తం తీస్తానన్నాడంటే ఆ మనిషి దగ్గరకి వెళ్లొద్దు. ఆ రక్తం ఆగదు అన్నా. దాని కోసమే వార్ఫరిన్ ఆపమంటున్నాడు, సూది పనిచేయదని కాదు.

కడప అక్క చెప్పిన తేనెటీగ విషం గురించి కూడా. కొరియాలోనే 2018లో ఆ సూది వేయించుకున్న ఒక టీచరు అలర్జీతో చనిపోయింది, దేశమంతా దాని గురించే మాట్లాడుకున్నారు. అక్కడ కూడా అందరూ కళ్లు మూసుకుని నమ్మరు.

మన దేశంలో ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం), హోమియో ఉన్నాయి. కొరియా వైద్యం అందులో లేదు. ఆక్యుపంక్చర్‌ని, అంటే సూదుల వైద్యాన్ని, 2019లో కేంద్రం గుర్తించింది, అది వేరే సంగతి. కాబట్టి ఇక్కడ ఎవరైనా గోడకి కొరియా జెండా పెట్టుకుంటే, కొరియాలో చదివి తెచ్చుకున్న లైసెన్సు చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

మాటల_టీచరమ్మ (కర్నూలు):

నేను స్పీచ్ థెరపిస్టుని, పన్నెండేళ్లుగా కర్నూలులో పనిచేస్తున్నాను. డ్యూటీ అయ్యాక రాస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మీ నాయన పద్యం గురించి చదివి రెండుసార్లు ఆగాను.

ముందు పేర్లు సరిచేసుకుందాం, ఎందుకంటే వైద్యమంతా దాని మీదే ఆధారపడుతుంది. మాట మూడు రకాలుగా తెగుతుంది. నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనపడినా, బిగుసుకుపోయి సరిగ్గా కదలకపోయినా మాట ముద్దముద్దగా వస్తుంది, గొంతు సన్నబడుతుంది, కడప అక్క వాళ్ల నాన్నది ఆ జాతి, డిసార్థ్రియా. కండరాలు బాగానే ఉండి, ఏ శబ్దం తర్వాత ఏ శబ్దం అన్న వరస నోటికి అందకపోతే అది అప్రాక్సియా. అసలు మాటే, ఆ వస్తువు పేరే, మెదడు వెతికి అందించలేకపోయినా, విని పట్టుకోలేకపోయినా అది అఫేసియా. మీరు రాసిందాన్ని బట్టి, కుడి చెయ్యి పడిపోవడం, అర్థం కావడం, "అది అది" అనే ఒక్క మాట దగ్గర ఆగిపోవడం, ఇది అఫేసియా లాగానే ఉంది, కొంచెం అప్రాక్సియా కూడా కలిసి ఉండొచ్చు. చూడకుండా తేల్చి చెప్పకూడదు, కానీ అనుమానం అదే. 1861లో ఫ్రాన్సులో బ్రోకా అనే డాక్టరు వర్ణించిన రోగి కూడా అంతా అర్థం చేసుకునేవాడు, ఏం అడిగినా "టాన్" అనే ఒక్క మాటే వచ్చేది. ఆయన చనిపోయాక మెదడులో ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉండటం చూశారు. మీ నాయన "అది" కూడా అటువంటిదే. ఆయన మొండితనం కాదు, బుద్ధి మందగించడమూ కాదు. ఇది మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు సూది సంగతి. గొంతు దగ్గర సూది పెడితే గొంతు కండరం మీద పనిచేస్తుందని అనుకోవచ్చు, కానీ మీ నాయన గొంతు బాగుంది, పద్యమే సాక్ష్యం! తెగింది లోపల. అయినా సూదిని నేను కొట్టిపారేయను. 2024లో చైనాలో చేసిన ఒక మంచి పరిశోధన వచ్చింది. పక్షవాతంతో ఇట్లాంటి అఫేసియా వచ్చిన 252 మందిని తీసుకుని, సగం మందికి నిజమైన సూదులు, సగం మందికి ఉత్తుత్తి సూదులు, 6 వారాల్లో 30 సార్లు పెట్టారు. నిజమైన సూదులు పెట్టినవాళ్లు మాటలో ఎక్కువ మెరుగయ్యారు. కానీ ఇది గమనించండి, రెండు గుంపులకీ మాటల శిక్షణ నడిచింది. సూది ఒక్కటే పెట్టి వదిలేయలేదు. దానికి ముందు 2016లో పక్షవాతం తర్వాతి ఆక్యుపంక్చర్ మీద 31 పరిశోధనల్ని కలిపి చూసినవాళ్లు కొంత మేలు కనపడుతోంది గానీ పరిశోధనల నాణ్యత తక్కువ, అందరికీ చేయించమని చెప్పలేం అన్నారు. అదే సంవత్సరం మాటల శిక్షణ మీద 57 పరిశోధనలు కలిపి చూస్తే, నిత్య జీవితంలో మాట్లాడుకోవడం మెరుగవుతుందని తేలింది. మీ దగ్గర ఉన్న 84 వేలు ముందు ఎక్కడ పెట్టాలో నా దృష్టిలో దీన్ని బట్టే తెలిసిపోతోంది.

పద్యం ఎందుకు వస్తోంది అన్నారు. వేలసార్లు నోటికి పట్టిన పద్యాన్ని మెదడు ఒక్కొక్క మాటగా ఏరుకోదు, మూటగా ఒకేసారి ఎత్తుతుంది. రాగం పనిలో కుడి వైపు మెదడు ఎక్కువ పాలు పంచుకుంటుంది, మీ నాయనకి ఆ వైపు చెడలేదు. ఒకట్లు లెక్కపెట్టడం, వారాల పేర్లు, కోపంలో వచ్చే తిట్టు, ఇవన్నీ ఇట్లాగే బయటికి వస్తాయి. "నీళ్లు" మాత్రం అప్పటికప్పుడు వెతికి, ఏరి, పేర్చి చెప్పాల్సిన మాట. అక్కడే దారి తెగింది. దీన్ని చూసే 1973లో అమెరికాలో బోస్టన్‌లో ఒక పద్ధతి తయారుచేశారు, మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అంటారు. చిన్న వాక్యాన్ని రెండు స్వరాల్లో, ఒకటి పైన ఒకటి కింద, పాడిస్తూ ప్రతి అక్షరానికీ ఎడమ చేత్తో తాళం వేయిస్తారు. మెల్లగా పాటని తీసేస్తూ మాటకి తెస్తారు. నేను తెలుగులో "నీ–ళ్లి–వ్వు" అని చేయిస్తాను. పద్యాలు పాడిన మనిషికి ఇది చేయించకపోతే అన్యాయం.

ఇంట్లో ఎట్లా ఉండాలో కూడా రాస్తాను. దగ్గరకి వచ్చినవాళ్లంతా "నేనెవరు చెప్పు, ఇదేంది చెప్పు" అని పరీక్ష పెడతారు. ఆపించండి. అన్నం దగ్గర "పప్పా, పెరుగా" అని రెండు గిన్నెలూ చూపించి అడగండి, చూపించే వేలితో పాటు ఆ మాట మొదటి అక్షరం మీరు అందించండి, "పె..." అని ఆగండి. లోపల పది అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగండి. మనకి ఆ నిశ్శబ్దం భరించలేనంత పొడుగనిపిస్తుంది, ఆయన ఆ సమయంలోనే వెతుక్కుంటూ ఉంటాడు, మనం మధ్యలో మాట పూర్తిచేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. టీవీ ఆపి మాట్లాడండి. ఫోన్లో ఇంటివాళ్ల ఫొటోలు, కాఫీ, మాత్రలు, బాత్రూం, దుప్పటి ఫొటోలు ఒక ఆల్బంలో పెట్టివ్వండి, "అది" అన్నప్పుడు చూపించుకోవచ్చు. ఇట్లా చేస్తే ఇక మాట కోసం ప్రయత్నించడని కొందరు భయపడతారు. అట్లా ఏమీ జరగదు, నుదురు కొట్టుకోవడం తగ్గితే ప్రయత్నం పెరుగుతుంది.

ఇంకో రెండు విషయాలు. నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తోందా, తాగాక గొంతు తడిగా గరగరలాడుతోందా చూడండి. అట్లా ఉంటే వెంటనే చెప్పండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అట్లాగే, పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడింట ఒక వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, మాట పోయినవాళ్లు దాన్ని చెప్పుకోలేరు కూడా. నాయన తిండి తగ్గించినా, పద్యం వినపడినా పట్టించుకోకపోయినా డాక్టర్‌కి చెప్పండి.

ఐదు నెలలు అయిపోయాయని దిగులు పడకండి. మొదటి నెలల్లో వేగం ఎక్కువే, కానీ ఏడాది దాటాక కూడా మాటలు కూడగట్టుకున్నవాళ్లు నా దగ్గరే ఉన్నారు. అనంతపురం నుంచి నిమ్హాన్స్ మీకు దగ్గర. మైసూరులో ఆయిష్ (AIISH, పైన చెప్పిన ఆయుష్ కాదు) ఉంది, మాట, వినికిడి కోసమే కేంద్రం పెట్టిన సంస్థ. ఎవరి దగ్గరకి వెళ్లినా థెరపిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉందో లేదో అడగండి, అడిగితే మాకు కోపం రాదు. సదరం సర్టిఫికెట్ కూడా చూసుకోండి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఉంది.

పెనుకొండ_షిఫ్టు (అనంతపురం):

అక్కా, మీ రిప్లై ప్రింట్ తీసి అమ్మకి చదివి వినిపించినా. "మొండితనం కాదు" అన్న దగ్గర ఆమె ఆపమని, మళ్లీ చదవమంది.

ఒక్క డౌట్. సూది మీద ఆశ పూర్తిగా పోలేదు నాకు. శిక్షణ మొదలుపెట్టి, దానితో పాటు మంచి ఆక్యుపంక్చర్ డాక్టరు దొరికితే పెట్టించొచ్చా?

మాటల_టీచరమ్మ (కర్నూలు):

పెట్టించొచ్చు, మీ గుండె డాక్టరు, న్యూరాలజిస్టు సరేనంటే. ఐఎన్‌ఆర్ ఎంతుందో ఆ రోజు రిపోర్టు చేతిలో ఉండాలి. నాలుకలో, నాలుక కింద, గొంతులో లోతుగా వద్దు. ప్రతిసారీ కొత్త సూది, మీ కళ్ల ముందు కవరు చింపాలి. కషాయం వద్దు, తేనెటీగ విషం వద్దు. శిక్షణ సిట్టింగ్ ఒక్కటి కూడా సూది కోసం మానొద్దు. ఇవన్నీ కుదిరితే నేను అడ్డు చెప్పను.

పెనుకొండ_షిఫ్టు (అనంతపురం):

ఏడు వారాల తర్వాత రాస్తున్నా, అడిగినవాళ్ల కోసం.

ప్యాకేజీ మానేసినాం. ఆయనకి ఫోన్ చేసి కొరియా లైసెన్సు అడిగితే ఫోన్ పెట్టేసినాడు, మళ్లీ ఎత్తలేదు. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉన్నాయి. నిమ్హాన్స్‌లో చూపించినాం, అక్క అనుమానపడిందే చెప్పారు, అఫేసియా, కొంచెం అప్రాక్సియా. వారానికి రెండు సిట్టింగులు ఇక్కడే అనంతపురంలో దొరికిన థెరపిస్టు దగ్గర, మిగతా రోజులు ఇంట్లో రెండు పూటలా అరగంట. నేను నైట్ షిఫ్టులో ఉంటే మా చెల్లెలు చేయిస్తుంది. సూదుల గురించి న్యూరాలజిస్టుని అడిగినా, ఐఎన్‌ఆర్ రెండుకీ మూడుకీ మధ్య నిలకడగా మూడు నెలలు ఉండనీ, అప్పుడు చూద్దాం అన్నారు. సరే అన్నా.

మా కొరియన్ సార్‌ని అడిగినా. వాళ్లమ్మకి ఆసుపత్రిలో రోజూ మాటల శిక్షణ ఉండేదంట, తొమ్మిది నెలలు. అది ఆయనకి చెప్పాల్సిన విషయంగా తోచలేదంట, అక్కడ అది ఎట్లాగూ అందరికీ ఇస్తారు కాబట్టి. పోయిన ఆదివారం ఆపిల్స్ పట్టుకుని ఇంటికి వచ్చినాడు. నాయన ఆయన్ని కూర్చోబెట్టి పద్యం పాడినాడు. సార్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చివరిదాకా కదల్లేదు, అయిపోయాక లేచి నడుం వంచి నమస్కారం చేసినాడు. నాయన ముఖంలో అట్లాంటి వెలుగు సంక్రాంతి తర్వాత నేను చూడలేదు.

మాటల సంగతి. మొన్న అన్నం దగ్గర ఎడమ చేత్తో పళ్లెం అంచు మీద రెండుసార్లు కొట్టి "ఉప్–పు" అన్నాడు. అమ్మ ఉప్పు డబ్బా తెచ్చి పక్కన పెడితే తల అడ్డంగా ఊపి మళ్లీ కొట్టుకుంటూ "ఎక్–కు–వ" అన్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైంది! అమ్మ తిని చూసి, నిజమే, అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇప్పటికి "నీళ్లు", "చాలు", "రా", "ఉప్పు", మా చెల్లెలి పేరు, ఇవి తాళం లేకుండా కూడా ఒక్కోసారి వస్తున్నాయి. నా పేరు ఇంకా రాలేదు, అందులో ఒత్తులున్నాయి, వచ్చే నెలలో మొదలుపెడదామన్నారు థెరపిస్టు.

రేపు పదిహేనో సిట్టింగ్. "కాఫీ" మీద ఉన్నాం. "కా" వస్తోంది, "ఫీ" దగ్గర పెదవి పళ్లకి ఆనడం లేదు, అద్దం ముందు కూర్చోబెట్టి చేయిస్తున్నా.